48 వేల కిలోమీటర్ల అబద్ధం

"చూసుకొని కొనాలె గదా!"

మోసపోయి ఇంటికొచ్చినవాడికి మనవాళ్ళు మంచినీళ్ళకంటే ముందు ఇచ్చేది ఈ మాట. మా బామ్మర్దికీ అదే దొరికింది. తమ్ముడన్నాడు, మేస్త్రీ అన్నాడు, వాడి షిఫ్ట్ ఇన్‌చార్జి అన్నాడు. చివరికి బండి అమ్మినవాడు కూడా అదే అన్నాడు. అప్పటినుంచి ఈ మాట వింటే నాకు ఒళ్ళు మండుతోంది. ఆ మంటతోనే రాస్తున్నాను.

మా బామ్మర్ది ఉండేది సంగారెడ్డి జిల్లా గుమ్మడిదలలో. బొంతపల్లి వైపు ఒక మందుల కంపెనీలో ఆపరేటర్. వారానికో షిఫ్టు. నిరుడు వానాకాలంలో ఓ రాత్రి రెండింటికి చిన్నపిల్లకు ఫిట్స్ వచ్చాయి. తెలిసిన ఆటో అతను ఫోన్ ఎత్తలేదు. బైకు మీద తండ్రి, వెనక తల్లి, మధ్యలో తువ్వాలలో చుట్టిన పిల్ల. ఆ వానలో గండిమైసమ్మలో హాస్పిటల్ దాకా వెళ్ళారు. ఆ రోడ్డు మీద ఆ వేళప్పుడు తిరిగేవి కెమికల్ ట్యాంకర్లు, ఇసుక లారీలు. పిల్ల బతికింది. మర్నాడు హాస్పిటల్ మెట్ల మీద కూర్చొని, "బావా, ఏదో ఒక కారు తీస్కుంటా" అన్నాడు. దర్జా కోసం అడిగిన కారు కాదది.

ఇలాంటి దృశ్యమే, వానలో స్కూటర్ మీద నలుగురు వెళ్తుండగా చూసి, లక్ష రూపాయల కారు తేవాలనుకున్నానని రతన్ టాటా చెప్పేవారు. 2008 జనవరి 10న ఢిల్లీలో నానోను చూపించారు, 2009లో అమ్మకానికి పెట్టారు. పదేళ్ళు తిరక్కుండానే, 2018లో, దాని తయారీ ఆగిపోయింది. అంత పెద్ద సంస్థ నిలబెట్టలేకపోయిన లక్ష రూపాయల కారును ఈ దేశంలో నిలబెట్టింది పాత బండ్లమ్మే రేకుల షెడ్లు. పదేళ్ళ ఆల్టో, పన్నెండేళ్ళ వ్యాగన్ ఆర్, రంగు వెలిసిన శాంత్రో. జీడిమెట్ల నుంచి పటాన్‌చెరు దాకా కంపెనీ పనివాళ్ళు ఎక్కుతున్నవి అవే. అలాంటప్పుడు ఆ షెడ్లలో ఏం జరుగుతోందో చూడాల్సిన బాధ్యత ప్రభుత్వానికి ఉండదా?

చిట్టీ ఎత్తి లక్షా పది వేలు. మా చెల్లె గాజులు కుదువబెట్టి అరవై. మొత్తం లక్షా డెబ్బై పట్టుకొని ఇద్దరం బయల్దేరాం.

మన దగ్గర పాత బండ్లమ్మే కొట్టుకు 'ఆటో కన్సల్టెన్సీ' అని బోర్డుంటుంది. ఎవరు ఎవరికి సలహా ఇస్తారో ఇప్పటికీ నాకు అర్థం కాలేదు. లోపల పది పన్నెండు బండ్లు. టైర్లకు నల్ల పాలిష్, డ్యాష్‌బోర్డుకు నూనెలాంటి మెరుపు, తలుపు తీస్తే మల్లెపూల సెంటు గుప్పుమంటుంది. మావాడి కన్ను ఒక తెల్ల చిన్నకారు మీద పడింది. దాని కంపెనీ పేరెందుకు, అది చేసిన పాపమేమీ లేదు. మీటర్‌లో 48,211.

"డాక్టర్ సాబ్ బండి అన్నా. ఇంటి నుంచి హాస్పిటల్, హాస్పిటల్ నుంచి ఇల్లు. గంతే."

నేను తిరిగిన ప్రతి షెడ్డులోనూ ప్రతి బండీ డాక్టర్‌దో టీచరమ్మదో. తాపీమేస్త్రీ వాడిన బండి, క్యాబ్ తిప్పిన బండి, చీటికీమాటికీ శ్రీశైలం వెళ్ళొచ్చిన బండి ఈ భూమ్మీద లేనే లేవు కాబోలు. సాయంత్రం ఇంకో పార్టీ వస్తోందన్నారు. బయానా అయిదు వేలు చేతిలో పెట్టాం. వారంలో బండి ఇంటికొచ్చింది. బొంతపల్లి వీరభద్రస్వామి గుడి ముందు నిమ్మకాయలు తొక్కించి, కొబ్బరికాయ కొట్టాం.

నాలుగు నెలలకు క్లచ్ పోయింది. మెకానిక్ బానెట్ ఎత్తి, ఎయిర్ ఫిల్టర్ డబ్బా ఊడదీస్తే దాని వెనక పాత ఆయిల్ మార్పు స్టిక్కర్ ఒకటి కనబడింది. సగం చిరిగి, గ్రీజు పట్టి ఉంది. బొటనవేలితో తుడిచాడు. బాల్‌పెన్నుతో రాసిన అంకెలు: 1,12,640. కింద తారీఖు. మేం కొనడానికి రెండేళ్ళ ముందుది.

"అన్నా, మీ బండి రెండేండ్లు రివర్స్‌ల నడిచిందే" అన్నాడు మెకానిక్. వాడు నవ్వాడు. మావాడు నవ్వలేదు.

ఆ స్టిక్కర్ ఫోటో పట్టుకొని షెడ్డుకు పోతే ఏమన్నారో మొదట్లోనే చెప్పాను. చూసుకొని కొనాలె గదా.

ఏం చూడాలయ్యా? అంగట్లో ఎద్దును కొనే రైతు దాని పండ్లు చూస్తాడు. తువ్వాల కింద వేళ్ళు పట్టుకొని దలాలి ఎన్ని మాయలు చేసినా పండ్లు మాత్రం అబద్ధం చెప్పవు. ఆరు పండ్లంటే ఆరు పండ్లే. కారుకు పండ్లుండేవి మీటర్‌లో. వాటిని అరగదీసి కొత్తవి పెట్టడానికి ఇప్పుడు ఒక లాప్‌టాప్, ఒక వైరు చాలు. మనం టీ తాగొచ్చేలోపు అయిపోతుంది.

ఈ బేరం లోపల ఉన్న కుళ్ళును 1970లోనే ఒక అమెరికన్ ఆర్థికవేత్త ఒక వ్యాసంలో విప్పి చెప్పాడు. పేరు జార్జ్ అకెర్లాఫ్. పాత కార్ల సంతనే ఉదాహరణగా తీసుకున్నాడు. బండి మంచిదో చెడ్డదో అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. అందుకని కొనేవాడు దేనికైనా సగటుబండి ధరే ఇస్తానంటాడు. ఆ ధరకు మంచిబండి ఉన్నవాడు అమ్మడు. ఇక సంతలో మిగిలేవి డొక్కులే. దీనికి 2001లో నోబెల్ వచ్చింది. నాకు నచ్చింది నోబెల్ కాదు. ఆయన ఆ వ్యాసం రాయడానికి కొన్నేళ్ళ ముందు ఢిల్లీలో కొన్నాళ్ళు ఉన్నాడు. ఆ వ్యాసంలోనే మన ఆడవాళ్ళ గురించీ రాశాడు. బజారు బియ్యంలో అదే రంగు, అదే ఆకారం రాళ్ళు కావాలని కలుపుతారనీ, వాటిని ఏరుకోవాల్సిన పని ఇంటి ఇల్లాలిదేననీ. మా అమ్మ చేట ముందేసుకొని మెడ వంచి కూర్చున్న మధ్యాహ్నాలు గుర్తొచ్చాయి. రాయి కలిపినవాడు హాయిగా ఉంటాడు. ఏరుకోనందుకు తిట్లు అమ్మకు. ఈరోజు మా బామ్మర్ది చేస్తున్నదీ చేటలో రాళ్ళేరడమే. రాళ్ళు మాత్రం బానెట్ కింద ఉన్నాయి.

ప్రభుత్వానికి ఏమీ తెలియదని అనుకోకండి. నెంబర్ ప్లేటును చూడండి, ఈ ఊరి చరిత్రంతా దాని మీదే ఉంటుంది. ఏపీ 23 అంటే ఉమ్మడి రాష్ట్రపు మెదక్ జిల్లా. టీఎస్ 15 అంటే తెలంగాణ వచ్చాక సంగారెడ్డి. టీజీ 15 అంటే 2024 మార్చి తర్వాతది. ప్లేటు మీద రెండక్షరాలు మార్చడానికి గెజిట్లు, జీవోలు, ప్రెస్‌మీట్లు! మీటర్ మీద ఆరంకెలు మారిపోతుంటే అడిగే నాథుడు లేడు.

బండి చేతులు మారేటప్పుడు ఫారం 29, ఫారం 30 నింపుతాం. చాసిస్ నెంబర్, ఇంజన్ నెంబర్, తండ్రి పేరు, చిరునామా అన్నీ రాస్తాం. బండి ఎంత తిరిగిందో రాసే గడి వాటిలో లేదు. ఆర్సీలో లేదు. ఫోన్‌లో వాహన్ వివరాలు తెరిస్తే ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉందో, ఫైనాన్స్ ఉందో లేదో, ఎన్నో ఓనర్‌వో చూపిస్తుంది. కిలోమీటర్లు మాత్రం చూపించదు. 2023 ఏప్రిల్ నుంచి పాత బండ్ల డీలర్లు రవాణాశాఖ అనుమతి పత్రం తీసుకోవాలన్న కేంద్ర నిబంధన ఉంది. అమ్ముడయ్యేదాకా బండిని ఎందుకు బయటికి తీశారు, ఎవరు నడిపారు, ఎంత దూరం తిప్పారు అని రిజిస్టర్ కూడా రాయాలట. షెడ్డు నుంచి పెట్రోలు బంకు దాకా తిరిగిన లెక్క కావాలి సర్కారుకు. ఆ బండి పుట్టినప్పటినుంచీ తిరిగిన లక్ష కిలోమీటర్లను ఆర్సీలో రాసే తీరిక లేదు.

వసూలు దగ్గరైతే ఎక్కడలేని చురుకు. 2024 డిసెంబర్‌లో జీఎస్టీ కౌన్సిల్ కూర్చొని, డీలర్లు అమ్మే పాత చిన్నకార్ల మార్జిన్ మీద పన్నును 12 శాతం నుంచి 18కి పెంచింది. మరుసటి సెప్టెంబర్‌లో కొత్త చిన్నకార్ల మీద 28 శాతాన్ని 18కి దించింది. కొత్తది కొనగలిగినవాడికి పండగ కానుక, పాతది కొనేవాడికి వాత. పదిహేనేళ్ళు దాటిన కారు రిజిస్ట్రేషన్‌ను పొడిగించుకునే ఫీజు 600 రూపాయలుండేది, 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది. ఇన్ని గడులు ఉన్న ప్రభుత్వానికి ఒక్క గడి బరువైందా?

మీటర్ సంగతి ఇదైతే, మునిగిన బండ్ల సంగతి ఇంకా ఘోరం. 2020 అక్టోబర్ హైదరాబాద్ వరదలు గుర్తున్నాయి కదా. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్ళలో ఉండటం టీవీల్లో చూశాం. టాపులు మాత్రమే తేలిన ఆ కార్లన్నీ ఎటు పోయాయి? మరమ్మతు ఖర్చు బీమా విలువలో 75 శాతం దాటితే ఇన్సూరెన్స్ వాళ్ళు బండిని పూర్తి నష్టం కింద లెక్కగట్టి, ఆ తుక్కును వేలం వేస్తారు. తుక్కంతా తుక్కుగానే పోతుందనుకుంటే మన అమాయకత్వం. కడిగి, ఆరబెట్టి, సీటు కవర్లు మార్చి, ఇంకో జిల్లాలో డాక్టర్ సాబ్ బండిని చేస్తారు. మునిగింది అని ఆర్సీ మీద ఎక్కడా ఉండదు. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి, మడతలో ఎండిన బురద గీత కనబడితే ఆ బండి ఎక్కడ మునిగిందో వెతుక్కోవచ్చు. ఈ ఒక్క చిట్కా చెప్తాను, అంతకుమించి జాబితాలు నన్నడక్కండి. 'పాత కారు కొంటున్నారా? ఈ ఇరవై జాగ్రత్తలు' అని రాసే వ్యాసాలంటేనే నాకు చిరాకు. నైట్ షిఫ్ట్ చేసి ఎర్రబడ్డ కళ్ళతో వచ్చినవాణ్ణి నువ్వే ఇంజనీరువి, నువ్వే పోలీసువి, నువ్వే వకీలువి అయిపో అంటే ఎలా?

వినియోగదారుల కమిషన్ ఉంది కదా అంటారు. ఉంది, సంగారెడ్డిలోనే ఉంది. అయిదు లక్షల లోపు వస్తువుకు ఫీజు కూడా లేదు. మూడు నెలల్లో తేల్చాలని చట్టం అంటుంది. ఫీజు సున్నా, నిజమే. గుమ్మడిదల నుంచి సంగారెడ్డికి వాయిదా వాయిదాకూ పోతే కోసే జీతం సున్నా కాదు. పైగా అమ్మినవాడు ఇచ్చిన కాగితమేది? 'ఉన్నది ఉన్నట్టుగా తీసుకున్నాను' అని మావాడితోనే సంతకం పెట్టించుకున్న ఒక తెల్లకాగితం. కార్బన్ కాపీ కూడా ఇవ్వలేదు.

ఇందులో చిత్రమేమిటంటే అమ్మేవాడికీ ముప్పే. బండి అమ్మేసి, పేరు మారిందో లేదో చూసుకోకుండా కూర్చునే అమాయకులు మన చుట్టూ బోలెడుమంది. సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో, నవీన్‌కుమార్ కేసులో తేల్చి చెప్పింది: కారు ఎన్ని చేతులు మారినా, ప్రమాదం జరిగిన రోజు ఆర్సీలో ఎవరి పేరుంటే పరిహారానికి వాళ్ళే బాధ్యులు. కాగితం మీద ఉన్నదే సత్యమని న్యాయస్థానం ఇంత గట్టిగా చెప్పింది కదా. మరి ఆ కాగితం మీద నిజాలన్నీ ఎందుకుండవు?

చేసినవాళ్ళు చేశారు. అమెరికాలో మీటర్ తిప్పడాన్ని 1972లోనే ఫెడరల్ చట్టంతో నిషేధించారు. బ్రిటన్‌లో బండ్లకు ఏటా జరిగే పరీక్షలో మీటర్ రీడింగ్ రాసుకుంటారు. నెంబర్ కొడితే ఎవరైనా పైసా ఖర్చు లేకుండా పాత రీడింగులన్నీ చూసుకోవచ్చు. బెల్జియంలో 2006 నుంచి గ్యారేజీలు బండి వచ్చినప్పుడల్లా రీడింగ్ పంపాలి, ఆ చరిత్ర పత్రం లేకుండా పాత కారు అమ్మకూడదు. వాళ్ళ దగ్గర సంపద ఉందని కాదు ఇది జరిగింది. ఒక అంకెను ఏటా రాసిపెట్టడానికి సంపద అక్కర్లేదు.

'అయినా ఆపరేటర్‌కు కారెందుకు, ఆటో ఎక్కొచ్చు కదా' అన్న పెద్దమనిషి కూడా ఉన్నాడు, మా వీధిలోనే. ఆయనకు రెండు కార్లు. ఆయనతో వాదన పెట్టుకోలేదు, రాత్రి రెండింటికి గుమ్మడిదలలో నిలబడి ఆటో పిలవమన్నాను.

మొన్న ఆదివారం మావాడి బండికి పొల్యూషన్ సర్టిఫికెట్ గడువు అయిపోతే తోడు వెళ్ళాను. రోడ్డు పక్క చింతచెట్టు కింద పాత వ్యాన్, లోపల కంప్యూటర్, ప్రింటర్, ఓ కుర్రాడు. సైలెన్సర్‌లో గొట్టం పెట్టాడో లేదో నేను చూడలేదు గానీ, నెంబర్ ప్లేటు ఫోటో మాత్రం శ్రద్ధగా తీశాడు. ఇన్ని లక్షల బండ్లను ఆరు నెలలకో ఏడాదికో తప్పకుండా ఆపి చూసే చోటు ఈ దేశంలో ఇదొక్కటే. నాలుగడుగులు ముందుకేస్తే కిటికీలోంచి మీటర్ కనబడుతుంది.

"తమ్మీ, మీటర్ ఫోటో గూడ తియ్యరాదు?" అన్నాను.

వాడు నన్ను ఎగాదిగా చూసి, కంప్యూటర్ తెర నా వైపు తిప్పాడు. బండి నెంబర్, ఇంధనం, ఫోన్ నెంబర్, పొగ లెక్కలు.

"ఏడ ఎక్కియ్యాలె అంకుల్? గడే లేదు ఇండ్ల."

మావాడు డబ్బులిచ్చి కాగితం తీసుకున్నాడు. బండి స్టార్ట్ చేస్తే మీటర్ వెలిగింది. 56,903.