సారు కాసేపు ఊరుకుంటే

ఈ వారం ఒక వైద్య కళాశాలలో (పేరెందుకు లెండి) పీబీఎల్ (ప్రాబ్లమ్ బేస్డ్ లెర్నింగ్) క్లాసు చూసి ఒళ్లు మండింది. రోగి సమస్య చేతికిస్తే పిల్లలే తర్కించుకుని, వెతుక్కుని నేర్చుకోవాల్సిన క్లాసు అది. పదిమంది గుండ్రంగా కూర్చున్నారు. కేసు చదివారు. ఒకమ్మాయి ఏదో అనబోయేలోపే ప్రొఫెసర్ గారు మార్కర్ అందుకున్నారు. మిగతా గంటంతా ఆయనే. రిజిస్టర్‌లో మాత్రం పీబీఎల్ జరిగినట్టే పడింది.

కెనడాలో మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం 1969లోనే మొదలుపెట్టిన పద్ధతి ఇది. మన దగ్గర 2019 కొత్త పాఠ్యప్రణాళిక వచ్చాక అందరి నోళ్లలో నానుతోంది.

ఆ క్లాసులో ఇచ్చిన కేసైనా ఎక్కడిది? ఛాతీనొప్పితో వచ్చిన బ్యాంకు మేనేజరు! కొత్తగూడెంలో 2022లో, ఖమ్మంలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు తెరిచాం. చర్ల, దుమ్ముగూడెం అడవులు పక్కనే పెట్టుకుని మేనేజరు దేనికి? కేసు నేనిస్తా. పన్నెండేళ్ల కోయ కుర్రాడు, చలిజ్వరం, వైవాక్స్ మలేరియా. మూడు రోజుల క్లోరోక్విన్, పద్నాలుగు రోజుల ప్రైమాక్విన్ రాశారు. నాలుగోనాటికి కళ్లు పచ్చబడ్డాయి, మూత్రం డికాక్షన్‌లా వస్తోంది.

ఇక్కడ సారు "జీ6పీడీ లోపం" (ఎర్రకణాలను కాపాడే ఎంజైము తక్కువ కావడం) అనేశారంటే అంతా అయిపోయినట్టే. మందిచ్చే ముందు ఏం అడగాల్సింది? ఎర్రకణాలు ఎందుకు పగిలాయి? సికిల్ సెల్ కాదని ఎలా తేలుస్తావు? పరీక్ష దొరకని ఊళ్లో ఆశ కార్యకర్తకి ఏం చెప్పి పంపుతావు? ఒక్కో ప్రశ్నా వదిలి ఊరుకోవాలి. ఊరుకోవడమంటే ఫోన్ చూసుకోవడం కాదు. ఎవరు నోరు విప్పడం లేదో, ఎవరు అడ్డదారి పట్టారో కనిపెడుతూ, మరీ దారి తప్పితేనే ఓ ముక్క అనాలి. బయోకెమిస్ట్రీ, ఫార్మకాలజీ, సామాజిక వైద్యం అన్నీ ఆ ఒక్క మూత్రం సీసాలోనే ఉన్నాయి. జవాబు తెలిసీ నాలుక బిగబట్టుకోవడం లెక్చరు దంచడం కన్నా కష్టం. అందుకు శిక్షణ కావాలి.

అసలు సార్లేరీ? వందమందిని పదేసి చొప్పున కూర్చోబెడితే పదిమంది కావాలి. జిల్లాకో కళాశాల అని రిబ్బన్లు కత్తిరించినవాళ్లు ఈ లెక్క వేశారా? అధ్యాపకుల కొరత మీద నోటీసులిచ్చే జాతీయ వైద్య కమిషన్, హాజరుకి ముఖం చూసే యాప్ కూడా పెట్టింది. సారు వచ్చారని అది చెబుతుంది. వచ్చి గంటసేపు పిల్లల నోరు నొక్కేశారని ఎవరు చెబుతారు? ఏజెన్సీలో పనిచేయడానికి వచ్చేవారికి ఇల్లు, అదనపు జీతం ఇచ్చి ముందా ఖాళీలు నింపండి. యాప్ సంగతి తర్వాత చూసుకోవచ్చు.