హాఫ్ టైమ్‌లో డాన్సు చేసిన జట్టు

పోస్ట్ కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి. ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవం వస్తే మన హాస్టళ్లకు థింసా పిలుపులు మొదలవుతాయి కదా. వాటి గురించి ఒక మాట చెప్పాలని ఉంది. ముందు అమెరికాలో వందేళ్ల కిందట రెండు సీజన్లు ఆడిన ఒక ఫుట్‌బాల్ జట్టు కథ చెప్తాను.

అమెరికన్ ఫుట్‌బాల్ అంటే మనం కాలితో ఆడేది కాదు. రెండు కొసలూ కోసుగా ఉండే బంతిని చేత్తో పట్టుకుని, అడ్డం వచ్చినవాళ్లని తోసుకుంటూ అవతలి గీత దాటించాలి. జట్టుకు 11 మంది. ఈ ఆటలో పెద్ద లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్. 1922లో ఆ లీగ్‌లోకి ఊరాంగ్ ఇండియన్స్ అనే జట్టు వచ్చింది. ఆటగాళ్లంతా అక్కడి ఆదివాసులే.

ఊరాంగ్ అంటే ఏదో తెగ పేరు అనుకుంటాం. కాదు, కుక్కల వ్యాపారం పేరు. ఒహాయో రాష్ట్రంలో లారూ అని చిన్న ఊరు, జనాభా వెయ్యి కూడా లేదు. అక్కడ వాల్టర్ లింగో అనే ఆయన ఎయిర్‌డేల్ జాతి కుక్కల్ని పెంచి దేశమంతా అమ్మేవాడు. వాటి ప్రచారం కోసమే జట్టు పెట్టాడు. లీగ్‌లో చోటుకి 100 డాలర్లు కట్టాడని, ఆయన కుక్క ఒక్కటే 150 డాలర్లు పలికేదని చెప్తారు. అంటే జట్టు కన్నా కుక్క ఖరీదు.

ఈ జట్టుకు కోచ్, ముఖ్య ఆటగాడు జిమ్ థోర్ప్. శాక్ అండ్ ఫాక్స్ తెగ మనిషి. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో పెంటాథ్లాన్, డెకాథ్లాన్ రెండింటిలోనూ బంగారు పతకాలు గెలిచాడు. అంతకుముందు సెలవుల్లో చిన్న జీతానికి బేస్‌బాల్ ఆడాడన్న కారణంతో 1913లో ఆ పతకాలు లాగేసుకున్నారు. పూర్తి విజేతగా ఆయన పేరు మళ్లీ రాసింది 2022లో. అప్పటికి ఆయన చనిపోయి 69 ఏళ్లు.

థోర్ప్ ఆట నేర్చుకున్నది కార్లైల్ అనే ఆదివాసీ హాస్టల్ స్కూల్లో. 1879లో పాత సైనిక బ్యారక్‌లలో పెట్టిన స్కూలు అది. పిల్లల జుట్టు కత్తిరించారు, పేర్లు మార్చారు, సొంత భాష మాట్లాడితే శిక్షించారు. ఇంటికి తిరిగి వెళ్లకుండా అక్కడే సమాధి అయిన పిల్లలున్నారు. అలాంటి చోటు నుంచి వచ్చిన జట్టు 1911లో హార్వర్డ్ యూనివర్సిటీని 18-15తో, 1912లో సైనిక అకాడమీ జట్టుని 27-6తో ఓడించింది. ఊరాంగ్‌లో థోర్ప్‌తో పాటు ఆడిన జో గయాన్, పీట్ కాలక్ కూడా కార్లైల్ వాళ్లే. థోర్ప్, గయాన్ తర్వాత ఎన్‌ఎఫ్‌ఎల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి ఎక్కారు. అంటే వీళ్లకి ఆట రాకపోవడం కాదు.

మరి సీజన్ ఎలా నడిచింది? 1922లో 3 గెలుపులు, 6 ఓటములు. 1923లో 1 గెలుపు, 10 ఓటములు. థోర్ప్‌కి అప్పటికే 35 ఏళ్లు వచ్చాయి, అదొక కారణం. ఇంకో కారణం హాఫ్ టైమ్‌లో ఉంది. మిగతా జట్లు ఊపిరి పీల్చుకునే ఆ కాసేపట్లో వీళ్లు ఈకలు పెట్టుకుని డాన్సు చేయాలి, గొడ్డళ్లు, కత్తులు విసిరి చూపించాలి, కుక్కల విన్యాసాలు చూపించాలి. ఒక ఆటగాడు ఎలుగుబంటితో కుస్తీ పట్టేవాడు. ఆట లేని రోజుల్లో కుక్కలకి శిక్షణ ఇచ్చే పని కూడా వీళ్లదే. లారూలో సరైన మైదానం లేదు, మ్యాచ్‌లు ఎక్కువగా వేరే ఊళ్లలోనే. జనానికి ఆ వింత పాతబడింది, 1923 తర్వాత లింగో జట్టుని మూసేశాడు. అమెరికాలో ఆదివాసులందరికీ పౌరసత్వం ఇచ్చే చట్టం 1924లో వచ్చింది. అంటే జట్టు మూతపడ్డాకే.

ఆటగాళ్లకి జీతం వచ్చింది కదా అని ఎవరైనా అనొచ్చు. నిజమే, వచ్చింది. అప్పట్లో వాళ్లకి ఇంకెక్కడా అంత డబ్బు దొరికేది కాదేమో. తెల్లవాళ్లు మనల్ని అడవి మనుషులనుకుంటున్నారు కదా, అలాగే నటిద్దాం అని నవ్వుకున్నవాళ్లు కూడా ఆ జట్టులో ఉన్నారు. వాళ్లని నేను తప్పుపట్టను. నా ప్రశ్న జట్టు పెట్టినాయన గురించి. ఆయనకి కావాల్సింది గెలిచే జట్టు కాదు, జనాన్ని పోగుచేసే వేషం. ఒలింపిక్ విజేతని తెచ్చి కూడా ఆ పనికే వాడాడు.

ఇప్పుడు మన దగ్గరికి వస్తాను. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదట. చేరిన దగ్గర్నుంచి చూస్తున్నా, ఏ పెద్దమనిషి వచ్చినా మా హాస్టల్‌కి కబురొస్తుంది. వాలీబాల్ సెలక్షన్స్ ఎప్పుడని అడిగితే నోటీసు బోర్డు చూసుకోమన్నారు. థింసాకి మాత్రం హాస్టల్‌కే మనిషి వచ్చాడు. మూడు రోజులు ప్రాక్టీసు, ఆ క్లాసులకి అటెండెన్స్ పడలేదు. స్టేజీ మీద కూర్చున్నవాళ్లలో మనోళ్లు ఒక్కరూ లేరు. ఫొటోలో మాత్రం ముందు వరస మనదే.

థింసా అంటే నాకు సిగ్గు కాదు. మా ఊళ్లో చైత్రం పండగకి తుడుము మోగితే మా అమ్మ పొయ్యి మీద కూర వదిలేసి మరీ వెళ్తుంది. అక్కడ చూసేవాళ్లు వేరు, ఆడేవాళ్లు వేరు అని ఉండదు. ఎప్పుడు మొదలవ్వాలో, ఎప్పుడు ఆపాలో ఊరే చెప్తుంది. కాలేజీ స్టేజీ మీద అది గెస్టు టైమ్‌ని బట్టి నాలుగు నిమిషాలు.

చూపించకపోతే మన సంస్కృతి పోతుంది కదా అని గ్రూపులో కొందరు అక్కలు, అన్నలు అంటారు. నాకైతే అది నిలిచేది ఊళ్లో ఆడటం వల్ల, ఇంట్లో భాష మాట్లాడటం వల్ల అనిపిస్తుంది. వేషం మాత్రం మనం లేకపోయినా నడుస్తుంది. ఊరాంగ్ ఆటగాళ్లు వెళ్లిపోయిన పదేళ్లకి, 1933లో, ఇంకో ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు ఆదివాసుల ఒంటి రంగుని ఎగతాళి చేసే మాటని తన పేరుగా పెట్టుకుంది. దాన్ని తీసేయించడానికి అక్కడి ఆదివాసులు దశాబ్దాలు కోర్టుల్లో, స్టేడియాల బయట పోరాడారు. చివరికి స్పాన్సర్లు కూడా ఒత్తిడి పెట్టాక 2020లో పేరు పోయింది. ఆ సీజన్ ఆ జట్టు ఉత్త వాషింగ్టన్ ఫుట్‌బాల్ టీమ్‌గా ఆడింది. 7 గెలిచి 9 ఓడినా తన డివిజన్‌లో మొదటి స్థానంలో నిలిచింది. పేరు తీసేస్తే ఆట ఆగిపోలేదు.

అందుకే నా మాట ఇది. పిలిస్తే వెళ్దాం, కానీ ముందు నాలుగు విషయాలు అడిగి వెళ్దాం. ప్రాక్టీసు రోజులకి అటెండెన్స్ ఇస్తారా? ఏ పాట, ఎంతసేపు అన్నది మనం నిర్ణయిస్తామా? స్టేజీ మీద మాట్లాడటానికి మన స్టూడెంట్ ఒకరికి ఐదు నిమిషాలు ఇస్తారా? సెలక్షన్స్, క్విజ్, డిబేట్ కబురు కూడా ఇలాగే హాస్టల్‌కి పంపిస్తారా? నాలుగూ కాగితం మీద రాసి, అందరం సంతకాలు పెట్టి ఇద్దాం. ఒక్కడు అడిగితే పొగరు అంటారు, నలభై మంది అడిగితే వినక తప్పదు.

మీ హాస్టళ్లలో ఎలా ఉందో కింద రాయండి. కాదనేవాళ్లు కూడా రాయండి, మాట్లాడుకుందాం. లెటర్ డ్రాఫ్ట్ నేను ఆదివారం లోపు ఇక్కడే పెడతాను.