పురుగుమందు డబ్బా మీద అణా వంతు

పురుగుమందుల కొట్లో అరల మీద డబ్బాలు చూడండి. విరగకాసిన పత్తిచేను, నిగనిగలాడే మిరపకాయ, పైన పెద్దక్షరాల్లో మందు పేరు. ఇదంతా అమ్ముకోవడానికి. అదే డబ్బా మీద ఓ పక్కన డైమండు ఆకారంలో చిన్న గుర్తు ఉంటుంది. మందు కొట్టే కూలీకి ముందుగా కావలసింది అది.

1968 పురుగుమందుల చట్టం కింద 1971లో చేసిన నిబంధనలు ఆ గుర్తుకు లేబులులో పదహారో వంతుకు తగ్గకుండా చోటివ్వాలన్నాయి. అంటే రూపాయిలో అణా! గుర్తు కింది సగం ఎరుపైతే అత్యంత విషం, పైన పుర్రె, ఎముకల బొమ్మ. పసుపైతే తీవ్ర విషం. నీలమైతే ప్రమాదం. ఆకుపచ్చను చూసి పచ్చజెండా అనుకోకండి. అదీ విషమే, కాస్త తక్కువ, అంతే.

విషమెక్కితే లక్షణాలేమిటి, విరుగుడేమిటి అన్నది లోపలి కాగితంలో ఉండాలి. ప్రాంతీయ భాషలోనూ అచ్చువెయ్యాలని నిబంధన. బాగానే ఉంది. కాని ఆ కాగితం రైతు ఇంటి దగ్గరే ఉండిపోతుంది. కూలీ చేను చేరేసరికి మందు డ్రమ్ములో కలిసిపోయి ఉంటుంది. ఏ రంగు విషాన్ని వీపున మోస్తున్నాడో అతనికే తెలీదు. కళ్లు తిరిగి పడిపోతే, ఏం మందు కొట్టాడని డాక్టరు అడుగుతాడు. చెప్పేదెవరు? 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొట్టి సుమారు 20 మంది రైతులు, కూలీలు చనిపోయారు. ఇలాంటప్పుడు “లేబులు మీద రాశాం కదా” అనడం కంపెనీలకు తేలిక. కూలీని కాపాడాల్సిన లేబులు కంపెనీకి కవచమైంది.

ఖాళీ డబ్బా సంగతి మరీ ఘోరం. పగలగొట్టి ఊరికి దూరంగా పాతిపెట్టాలట! గట్టి డబ్బా, బిగువైన మూత, పేదింట్లో ఎవరు పారేస్తారు? 2013 జులైలో బీహారులోని సారణ్ జిల్లా గండామన్ గ్రామ బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ ఉన్నట్టు పరీక్షలో తేలింది. 2005లోనే కూరగాయల మీద వాడకూడదన్న మందు అది. సోడా సీసాను కొట్టువాడు వెనక్కి తీసుకోవడం లేదా? మందు డబ్బాకూ ఇంతని డబ్బిచ్చి అమ్మినవాడే తీసుకోవాలి. హెచ్చరిక డబ్బా మీదే తెలుగులో, మందు పేరంత పెద్దగా ఉండాలి.

అంతవరకు, మందు కొట్టే పనికి పిలిస్తే ముందు డబ్బా చూపించమనండి. కాగితం చదివించుకోండి. ఒంటికి రక్షణ బట్టలుండాలని ఆ నిబంధనల్లోనే ఉంది. తొడుగులు, ముఖానికి గుడ్డ ఇవ్వందే పంపు ఎత్తుకోవద్దు.