గైరత్ ఎవరి జాగీరు?

గైరత్ అనే లఫ్జ్‌ని మన ఇళ్లల్లో ఎంత సస్తాగా వాడేస్తున్నాం! కూతురు గట్టిగా మాట్లాడితే గైరత్ పోయింది. కొడుకు ఎదురు సవాల్ వేస్తే గైరత్ లేదు. జుల్మ్ చూసి నోరు మూసుకున్నవాణ్ని మాత్రం ఎవరూ బేగైరత్ అనరు.

2011లో లాహోర్ కుర్రాళ్లు ముగ్గురు ఈ లఫ్జ్‌నే తిరగేశారు. అక్కడ దేశం పేరుతో, మజ్హబ్ పేరుతో రంకెలేసేవాళ్లని 'గైరత్ బ్రిగేడ్' అని ఎగతాళి చేస్తారు. వీళ్లు తమ బ్యాండుకి 'బేగైరత్ బ్రిగేడ్' అని పేరు పెట్టుకుని, 'ఆలూ అండే' అనే పంజాబీ పాట వదిలారు. వీడియోలో స్కూల్ పిల్లల వేషం. అమ్మ డబ్బాలో మళ్లీ ఆలూ, అండే పెట్టిందని సణుగుడు. ఆ సణుగుడులోనే అసలు సంగతి: ఖాతిల్ ముమ్తాజ్ ఖాద్రీకి రాజభోగం, సైంటిస్టు అబ్దుస్ సలామ్‌ని తలిచే దిక్కు లేదు. చేతుల్లో అట్టముక్కలు. నా తలలో తూటా దిగాలనుకుంటే ఈ వీడియోని లైక్ చేయండి అని ఒకదాని మీద. పైకి మజాకే, కానీ ఆ ఏడాది లాహోర్‌లో అది ఉత్త మజాక్ కాదు.

ఎందుకంటే జనవరి 4న పంజాబ్ గవర్నర్ సల్మాన్ తాసీర్‌ని ఆయన సొంత అంగరక్షకుడే కాల్చి చంపాడు. వాడే ఈ ఖాద్రీ. వాడి మీద వకీళ్లు గులాబీ రేకులు చల్లారు. 1979లో ఫిజిక్స్ నోబెల్ తెచ్చిన సలామ్ అహ్మదీ. అందుకని ఆయన సమాధి మీద 'ముస్లిం' అన్న మాట చెరిపేశారు. అఖీదాలో ఇఖ్తిలాఫ్ ఉంటే ఉండనీండి. చనిపోయినవాడి రాతిమీద అక్షరం గీకడం ఏ షరాఫత్?

'ఇంటి గుట్టు బజారున పెట్టారు, దుష్మన్లు నవ్వుతారు' అనే భాయీలకి నా జవాబు ఒకటే. ఖాతిల్ మీద పూలు పడ్డ రోజే ఆ గుట్టు బజారున పడింది. పాట దాన్ని చూపించిందంతే.

2018లో మన జార్ఖండ్‌లో, మూకహత్య కేసులో శిక్షపడి బెయిల్ మీద వచ్చినవాళ్లకి ఓ కేంద్రమంత్రి దండలు వేశాడు. మనం జుల్మ్ అన్నాం. నేనూ అన్నాను, ఇప్పటికీ అంటాను. మరి ఖాద్రీ మీద పడ్డ పూలని ఏమందాం? అక్కడ నోరు పెగలకపోతే, ఇక్కడ ఇన్సాఫ్ అడిగే మన గొంతుకి బలమేది? అలాగే 'ఆలూ అండే' చూసి పాకిస్తాన్ మీద పగలబడి నవ్వే మన టీవీ యాంకర్లూ జార్ఖండ్ దండల మీద అలాంటి పాటొకటి వేసి చూపించాలి.

మీ పిల్లలతో కూర్చుని ఆ వీడియో చూడండి. అందులో బేగైరత్ ఎవరో వాళ్లనే చెప్పమనండి.