పల్నాటి దంపతులకు సముద్రమెంత దూరము?

విహారయాత్ర ధనవంతుల విలాసమని తలచిన కాలము గడచిపోవుచున్నది. బాపట్ల చేరువనున్న సూర్యలంకకు, చీరాల చేరువనున్న వోడరేవుకు సెలవు దినములందు వచ్చు జనములో పల్నాటి యువదంపతులును కనుపించుదురు. నరసరావుపేటలో చిన్న దుకాణము నడుపువారు, పిడుగురాళ్ల సున్నపు బట్టీలలో లెక్కలు వ్రాయువారు, గురజాల వైపు మిరప పండించువారు అందులో ఉందురు. రెండు దినములు ఇల్లు విడిచి, పెద్దలు వెంటలేక, మ్రొక్కుబడి ఏదియు లేక, భార్యాభర్తలు కేవలము తమకొరకు తాము బయలుదేరుట పల్నాటి సంసారములలో క్రొత్త విషయమే. చిన్నదిగా తోచినను, ఇది ఆలోచింపదగినది.

2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రముగా పల్నాడు జిల్లా ఏర్పడినప్పుడు దానికి తీరము దక్కలేదు. అంతవరకు గుంటూరు జిల్లాలోనిదైన సూర్యలంక బాపట్ల జిల్లాలో చేరినది. అయినను పటములో దూరమైన సముద్రము బాటలో దగ్గరగనే ఉన్నది. 167-ఏ జాతీయ రహదారి పిడుగురాళ్లలో మొదలై నరసరావుపేట, చిలకలూరిపేట, చీరాలల మీదుగా వోడరేవు చేరును. దారి మొత్తము నూరు కిలోమీటర్ల లోపే. 2025 ఆగస్టు 15న రాష్ట్ర ప్రభుత్వము ‘స్త్రీ శక్తి’ పథకమును ప్రారంభించి, ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ మొదలగు బస్సులలో స్త్రీలకు ఉచిత ప్రయాణము కల్పించినది. దంపతులిద్దరు బయలుదేరినచో ఒక్క టిక్కెట్టుతో పని గడచును. రెంటచింతల ఎండలకు మాడినవారికి సముద్రపు గాలి ఎంతటి ఆశయో వేరుగా చెప్పనక్కరలేదు.

పూర్వము దంపతులు సముద్రమునకు పోలేదా? పోయిరి. కార్తిక, మాఘ పూర్ణిమలకు బండ్లు కట్టుకొని పోయి, కొంగులు ముడివైచుకొని, చేయి చేయి పట్టుకొని సరిగంగ స్నానములు చేసిరి. పదిమంది ఎదుట భార్య చేయి పట్టుకొనుటకు సంకోచించు భర్తకు ఆ ఒక్క దినమున అలలలో ఆ అనుమతి లభించెను. పుణ్యము పేరు చెప్పి పెద్దలు దంపతులకు కొంత చనువు ప్రసాదించిరన్నమాట. నేటివారికి ఆ మిష అవసరము లేకపోయినది. ఇందు భక్తి తగ్గినదని వగచుటకన్న, దాంపత్యమునకు తనదైన వేళ ఒకటి కావలెనని సంఘము ఒప్పుకొనుచున్నదని గ్రహించుట మేలు.

అయితే దారియు, టిక్కెట్టును సమకూడినంత మాత్రమున ప్రయాణము సాగునా? తీరిక కావలెను. ఫ్రాన్సులో 1936లో కార్మికులకు రెండు వారముల జీతపు సెలవు చట్టమైనప్పుడు, తగ్గింపు టిక్కెట్లతో రైలెక్కి మొదటిసారి సముద్రమును చూచిన కుటుంబములెన్నో కలవు. బ్రిటనులో 1938లో అట్టి చట్టమే వచ్చినది. మన దేశములో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము కార్మికునకు ఇరువది పనిదినములకొక దినము చొప్పున సెలవు నిచ్చినది. కాని పత్తిచేలకు, మిరపకల్లములకు ఏ చట్టమును సెలవు నీయలేదు. పంట అమ్ముడుపోయిన పిమ్మట రైతునకైనను కొంత విరామము దొరకును. అతని ఇల్లాలికి అదియు లేదు. 2024లో కేంద్ర ప్రభుత్వము జరిపిన కాలవినియోగ సర్వే ప్రకారము, దేశములో ఇంటిపని చేయు స్త్రీలు అందుకొరకు దినమునకు సగటున 289 నిమిషములు వెచ్చించుచుండగా, అట్టి పని చేయు పురుషులు వెచ్చించునది 88 నిమిషములే. ఆమె రెండు దినములు కదలవలెనన్న గేదెకు మేత వేయువారు, అత్తమామలకు అన్నము వండువారు, పిల్లలను చూచువారు కావలెను. ఆమెకు బస్సు ఉచితమైనది గాని, సెలవు ఉచితము కాలేదు. దానిని ఇంటిలోని తక్కినవారు పని పంచుకొని ఈయవలసియున్నది. వంటసామగ్రి మూటగట్టుకొని పోయి ఇసుకలో సైతము ఆమెయే వండి వడ్డించినచో, అది విహారమెట్లగును? వంటయిల్లు చోటు మారినదంతే.

పల్నాటి వీరగాథలో బాలచంద్రుడు కారెంపూడి రణరంగమునకు పోవుముందు మాంచాలను కలిసికొనును. ఈ సీమలో మిక్కిలి పేరుగన్న దంపతుల కలయిక అదియే. అది వీడ్కోలు కూడ. త్యాగమునకు చేయెత్తి మ్రొక్కిన ఈ నేల, దంపతులు కలసి సుఖముగ గడపిన దినమును గూర్చి పాడినది తక్కువ. విహారమనగానే ‘పనిలేనివారి పని’ యని పెదవి విరుచు అలవాటునకు ఇదియు నొక కారణము కావచ్చును.

ఇంటివారి బాధ్యత యొకటి కాగా, ప్రభుత్వ బాధ్యత మరియొకటి. ఈ తీరములలో స్నానమునకు దిగి మునిగిపోయినవారి వార్తలు పలుమారులు వచ్చినవి. ఒడ్డున కొట్టిన నీరు ఒక సన్నని పాయగా వెనుకకు మరలునప్పుడు ఈతగానిని సైతము లోనికి లాగును. దాని కెదురీదక ప్రక్కకు ఈది బయటపడవలెను. మెట్టప్రాంతమునుండి వచ్చినవారికి ఈ సంగతి ఎవరు చెప్పుదురు? ప్రమాదస్థలముల గుర్తులు, కాపలా ఈతగాండ్రు, స్త్రీలు తడిబట్టలు మార్చుకొనుటకు మరుగు, చీకటి పడిన పిమ్మట దీపము, ఇవి లేని తీరమునకు ఎన్ని వసతిగృహములు కట్టినను ఫలము స్వల్పము.

చీరాలకు ఆవల ఇదే తీరమున మోటుపల్లి రేవు కలదు. కాకతి గణపతిదేవుడు 1244-45లో అచట అభయశాసనము వేయించి, తుపానులో ఓడ పగిలి ఒడ్డునకు కొట్టుకొని వచ్చిన పరదేశపు వర్తకుల సరుకునకు రక్షణ కల్పించెను. సరుకునకే అంతటి అభయము లభించిన తీరమున, మనుష్యులకు అభయమీయుట నేటి ప్రభుత్వములకు భారము కారాదు. తీరమున ఆ అభయమును, ఇంటిలో ఇల్లాలికి రెండు దినముల సెలవును లభించిన నాడు పల్నాటికి సముద్రము నిజముగ దగ్గరయినదనవచ్చును.