అనువాదకుని కంటపడని మాట

తెలుగును అధికార భాషగా ప్రకటిస్తూ ఆనాటి ఆంధ్రప్రదేశ్‌లో 1966 లోనే చట్టం వచ్చింది. క్రమంగా కాగితం పోయి తెర వచ్చింది. 2020 లో ధరణితో భూమి లెక్కలు తెరకెక్కాయి. 2025 లో భూభారతిని మొదట ప్రయోగాత్మకంగా అమలు చేసిన నాలుగు మండలాల్లో మన కామారెడ్డి జిల్లా లింగంపేట ఒకటి. కాబట్టి తెర ఏ భాషలో మాట్లాడుతుందన్నది ఎల్లారెడ్డి రైతుకు చిన్న విషయం కాదు.

మా బాపు ఫోనులో ఒక యాప్ ఉన్నది. మెనూ అంతా చక్కటి తెలుగే. ఏదైనా తప్పు జరిగితే మాత్రం ఇంగ్లీషు వాక్యం ఊడిపడుతుంది. "ఏమంటున్నదిరా ఇది?" అని నన్నే అడుగుతాడు. నేను కాలేజీలో ఉన్ననాడు ఎవరినడగాలె? సాయం కావలసిన చోటనే భాష చెయ్యిస్తున్నది.

ఇది అనువాదకుని లోపం కాదు. తెరమీది మాటలన్నీ ఒక ప్రత్యేక ఫైలులో ఉండాలి. అనువాదకుడు చూసేది ఆ ఫైలునే. ప్రోగ్రామరు తొందరలో వాక్యాన్ని నేరుగా కోడ్‌లో రాసేస్తే అది అతని కంటపడదు. కంటపడనిదాన్ని ఎట్ల అనువదిస్తాడు?

కోడ్‌ను తనిఖీ చేసే 'లింటర్' ప్రోగ్రాములు ఇటువంటి వాక్యాలను పట్టుకుంటాయి. ఆండ్రాయిడ్ లింట్‌లో ఇందుకు 'హార్డ్‌కోడెడ్ టెక్స్ట్' అనే నియమమే ఉన్నది. వెబ్ పేజీలకు ఈఎస్‌లింట్‌లోనూ అటువంటివి చేర్చుకోవచ్చు. కానీ ఉత్త హెచ్చరికను ఎవరు లెక్కచేస్తారు? దిద్దందే యాప్ తయారు కాకుండా కట్టడి చేయాలి. వడ్లలో తేమ 17 శాతం దాటితే కాంటా పెట్టరు కదా!

పాత యాప్‌లో నియమం పెడితే ఒక్కసారే వందల తప్పులు బయటపడతాయని కొందరంటారు. నిజమే. మొదట కొత్త కోడ్‌కే వర్తింపజేసి, పాతది మెల్లగా దిద్దుకోవచ్చు.

తేమ మీటరు అన్నం రుచి చెప్పదు. లింటరూ అంతే. అందరికీ తెలిసిన 'సర్వే నెంబరు'ను తీసేసి ఎవరికీ తెలియని సంస్కృత పదం పెడితే అది కిమ్మనదు. అందుకు పొలం తెలిసిన మనిషి కావాలి. అయితే ఆ మనిషి చేతికి ప్రతి వాక్యమూ అందేటట్టు చూడడం లింటరు పని.

ప్రభుత్వం యాప్ చేయించే ఒప్పందంలో ఈ తనిఖీని షరతుగా పెట్టాలి. తనిఖీ దాటని కోడ్‌కు బిల్లు చెల్లించరాదు. కంప్యూటర్ చదువుతున్న మిత్రులకు నా మనవి ఒక్కటే: ఈ ఏటి మీ ప్రాజెక్టులోనే ఈ నియమం పెట్టి చూడండి. రేపు ఉద్యోగంలో మీరు రాసే వాక్యం చదవవలసినవాడు మీ ఊళ్ళోనే ఉన్నాడు.