నక్షా ఒక చోట, హిసాబ్ ఇంకో చోట

మెకానికల్ బీటెక్ పూర్తయిన పిల్లలున్న ఇళ్లలో వాలిదైన్ అడిగే సవాల్ ఇప్పుడు ఒకటే: "భాయ్, మావాణ్ని క్యాడ్‌లో చేర్చాలా, శాప్‌లో చేర్చాలా?" రెండోదాని పేరు తెలుగు చెవికి శాపంలా వినిపిస్తుంది, అయినా జీతం బాగుంటుందంటారు. కర్నూలులోనో కడపలోనో బస్సెక్కి హైదరాబాద్ అమీర్‌పేటలో దిగితే రెండూ దొరుకుతాయి. ఒక బోర్డు కింద క్యాడ్, పక్క బోర్డు కింద శాప్, మధ్యలో గోడ. నా ఖయాల్‌లో అసలు ముష్కిల్ ఆ గోడే.

క్యాడ్ అంటే నక్షా గీసే సాఫ్ట్‌వేర్. ఆటోక్యాడ్ 1982లో వచ్చింది. తర్వాతి కాలపు సాలిడ్‌వర్క్స్ లాంటివి వస్తువును త్రీడీలో నిలబెట్టి చూపిస్తాయి. శాప్ లాంటి వాటిని ఈఆర్‌పీ అంటారు. ఏం కొనాలి, స్టోర్‌లో ఎంత ఉంది, ఎవరి దగ్గర ఏ ధరకు తెస్తున్నాం, ఎప్పటికి తయారవ్వాలి అనే కార్ఖానా హిసాబ్ కితాబ్ అంతా అందులో ఉంటుంది. 1972లో జర్మనీలో ఐబీఎం వదిలి వచ్చిన ఐదుగురు మొదలుపెట్టిన కంపెనీ శాప్.

ఈ రెంటినీ ఎందుకు కలపాలో తెలియాలంటే మన వెల్డింగ్ షెడ్డులో తయారయ్యే గేటు చాలు. నక్షాలో 1.4 మీటర్ల పైపు ముక్కలు 10 ఉన్నాయనుకోండి. కంప్యూటర్ కూడి 14 మీటర్లు అంటుంది. బజారులో పైపు 6 మీటర్ల పొడవులో వస్తుంది. ఒక్కోదాంట్లో నాలుగు ముక్కలే తెగుతాయి కాబట్టి మూడు పైపులు, అంటే 18 మీటర్లు తేవాలి. దుకాణంలో బిల్లు మళ్లీ కిలోల్లో వేస్తారు. వెల్డింగ్ రాడ్లు, రెడ్ ఆక్సైడ్, గ్రైండింగ్ వీల్ నక్షాలో ఎక్కడా కనపడవు, ఖర్చు మాత్రం అవుతుంది. షెడ్డు ఉస్తాద్‌కు ఇదంతా జబానీగా వచ్చు. కాగితం తీయకుండానే చెప్పేస్తాడు.

పెద్ద కార్ఖానాలో ఉస్తాద్ బుర్ర చేసే పనిని రెండు సాఫ్ట్‌వేర్లు పంచుకుంటాయి. డిజైనర్ ఇచ్చే సామాన్ల జాబితాను ఇంజినీరింగ్ బీఓఎం అంటారు. రాడ్లు, రంగు, వృథా కలుపుకొని, ఏది ఏ మెషీన్ మీద ముందు చేయాలో చూసుకొని తయారయ్యేది మాన్యుఫ్యాక్చరింగ్ బీఓఎం. చాలా చోట్ల మొదటిదాన్ని చూసి రెండోదాన్ని ఒక మనిషి చేత్తో టైపు చేస్తాడు. ఒక అంకె తప్పితే నుక్సాన్. అంతకన్నా పెద్ద నుక్సాన్ నక్షా మారినప్పుడు. డిజైనర్ 16 గేజ్ తీసేసి 14 గేజ్ పెడతాడు, ఆ ఖబర్ కొనుగోలు విభాగానికి చేరేలోపు పాత రేకు లారీలో వచ్చేసి ఉంటుంది.

కలపడమంటే ఒక వైరు తగిలించడం కాదు. ఎవరి మాట ఎక్కడ చెల్లుతుందో ముందే ఫైసలా కావాలి. ఆకారం, మెటీరియల్, రివిజన్ మీద డిజైన్ వాళ్లకు ఇఖ్తియార్. ధర, సప్లయర్, స్టాక్ మీద ఈఆర్‌పీకి. మంజూరు కాని నక్షా కొనుగోలు దాకా పోకూడదు. పార్ట్ నంబరు రెండు వైపులా ఒకటే ఉండాలి. ఉర్దూ మీడియంలో చదివి తెలుగులో డిగ్రీ చేసినవాణ్ని కాబట్టి ఈ బాధ నాకు తొందరగా అర్థమైంది. డిజైనర్ "ఎం12 హెక్స్ బోల్ట్" అని రాస్తాడు, స్టోర్‌లో అదే "బోల్ట్ 12 ఎంఎం" అని ఉంటుంది. కంప్యూటర్‌కు అవి రెండు వేర్వేరు వస్తువులు. అర నిండా బోల్టులుంటాయి, అయినా కొత్త ఆర్డర్ పోతుంది.

పెద్దవాళ్లూ ఇలాంటి చోటే దెబ్బతిన్నారు. ఎయిర్‌బస్ ఏ380 విమానానికి హాంబర్గ్‌లో ఒక క్యాటియా వెర్షన్, తులూజ్‌లో ఇంకో వెర్షన్ వాడారు. ఒక్కో విమానంలో 500 కిలోమీటర్లకు పైగా వైరు ఉంటుంది. రెండు చోట్ల నక్షాలు పొసగక, తయారై వచ్చిన వైర్ల కట్టలు అమర్చబోతే సరిపోలేదు. మొదటి విమానం సింగపూర్ ఎయిర్‌లైన్స్‌కు 2007 అక్టోబరులో చేరేసరికి దాదాపు రెండేళ్లు ఆలస్యమైంది. అది నక్షాకూ నక్షాకూ మధ్య తేడా మాత్రమే. నక్షాకూ ఖాతాకూ మధ్య దూరం ఇంకా ఎక్కువ.

ఇదంతా ఇప్పుడెందుకంటే, 2024 ఆగస్టులో కేంద్ర కేబినెట్ మంజూరు చేసిన 12 పారిశ్రామిక నగరాల్లో కర్నూలు దగ్గరి ఓర్వకల్లు, కడప దగ్గరి కొప్పర్తి రెండూ ఉన్నాయి. కొప్పర్తిలో ఇప్పటికే సీసీటీవీ కెమెరాలు తయారవుతున్నాయి. పేరులోనే డిజైన్, మాన్యుఫ్యాక్చరింగ్ రెండూ ఉన్న, 2015లో మొదలైన ట్రిపుల్ ఐటీ కర్నూలులో నడుస్తోంది. కార్ఖానాలు మన ఇలాకాకు వస్తుంటే మన పిల్లలు గేటు దగ్గర వాచ్‌మన్‌గా, లోపల కాంట్రాక్టు హెల్పర్‌గా మిగిలిపోతారా? నా దిల్‌లో ఉన్న భయం ఇదే. బీటెక్ చేసిన కూతుర్ని హైదరాబాద్ పంపడానికి జంకే ఇళ్లు మనలో ఎన్నో. కొప్పర్తికైతే రోజూ కడప నుంచి వెళ్లి రావచ్చు. పార్ట్ నంబర్లు, బీఓఎంలు, రివిజన్లు చూసుకునే పని డెస్కు మీదే నడుస్తుంది.

మన కారీగర్ ఖాన్‌దాన్‌లకు ఇందులో ఒక వసతి ఉంది. పైపు ఎంత పొడవులో వస్తుందో, ఎంత తెగి వృథా అవుతుందో ఆ ఇంటి పిల్లలకు చిన్నప్పటి నుంచే తెలుసు. మనమే "చదువుకున్నోడివి, షెడ్డుకు రావద్దు బేటా" అని తరిమేస్తాం. అబ్బాజాన్‌కు తెలిసిన హునర్‌ను కంప్యూటర్ భాషలోకి మార్చడమే కదా ఈ ఉద్యోగం!

నేర్చుకోవడానికి వేలు పోయనక్కర్లేదు. ఫ్రీక్యాడ్ ఉచితం. ముంబైలో మనవాళ్లే తయారు చేసిన ఈఆర్‌పీనెక్స్ట్ ఓపెన్ సోర్స్, అందులో బీఓఎం కూడా ఉంది. అబ్బా షెడ్డులో నిజంగా ఆర్డర్ వచ్చిన గేటునే ఫ్రీక్యాడ్‌లో గీయించండి. దాని సామాన్ల జాబితాను ఈఆర్‌పీనెక్స్ట్‌లో ఎక్కించమనండి. తర్వాత గేజ్ మార్చి, ఎక్కడెక్కడ దిద్దాల్సి వచ్చిందో రాసుకోమనండి. ఆ కాగితం ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ కన్నా ఎక్కువ మాట్లాడుతుంది.

అయినా కోర్సులోనే చేర్చాలనుకుంటే, ఫీజు కట్టేముందు ఇన్‌స్టిట్యూట్ వాళ్లను ఒకటి అడగండి: నక్షా మారిన ఖబర్ కొనుగోలు ఆర్డర్‌కు ఎలా చేరుతుంది? "అది వేరే కోర్సు భాయ్" అన్నారంటే పైసలు జేబులోనే పెట్టుకొని వచ్చేయండి.